పిల్లలు ఉండే ఇల్లు మారితే భరణం మారుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

విడిపోయిన తల్లిదండ్రులు మొదటి ఏడాదంతా బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న దాని మీదే కొట్లాడుకుంటారు. ఆర్డర్ వచ్చాక అమ్మయ్య అనుకుంటారు. కానీ పిల్లలు పెరుగుతారు. బడి మారుతుంది, అమ్మకు బదిలీ అవుతుంది, నాన్న వేరే ఊరు వెళ్తాడు, శని ఆదివారాల రాకపోకలు కాస్తా వారంలో నాలుగు రోజులవుతాయి. అప్పుడు డబ్బు సంగతేమిటి? ఫ్యామిలీ కోర్టు వరండాలో న్యాయవాదిగా నన్ను ఎక్కువమంది అడిగేవి ఈ ప్రశ్నలే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కేసులున్న వాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఇక్కడ భరణం అంటే బిడ్డ కోసం ఇచ్చే డబ్బు. భార్యకిచ్చే మనోవర్తి వేరు. ఈ రెండింటినీ కలిపి చూడటం వల్లే చాలా తగాదాలు వస్తున్నాయి.

ఆర్డర్ ప్రకారం పాప తల్లి దగ్గర ఉండాలి. ఏడాదిగా వారానికి మూడు రోజులు నా దగ్గరే ఉంటోంది. భరణం దానంతటదే తగ్గదా?

తగ్గదు. పాప మీ దగ్గర ఎన్ని రోజులున్నా, ఆర్డర్‌లో ఉన్న అంకె మారేదాకా ఆ అంకె మీ మీద బాకీయే. ఈ పేజీలో ఒక్క సంగతే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. రోజులు మారాయని తనంతట తాను సగం పంపడం మొదలుపెట్టిన తండ్రి, రెండేళ్ల తర్వాత బకాయి పిటిషన్ నోటీసు అందుకుని లబోదిబోమనడం నేను చాలాసార్లు చూశాను. ఆయన చెప్పేది నిజమే అయినా, పాప నిజంగానే ఆయన దగ్గర ఉన్నా, కోర్టు ముందుగా చూసేది ఆర్డర్‌నే.

మార్చుకునే దారి చట్టంలోనే ఉంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద (2024 జులై 1కి ముందు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, అంటే సీఆర్‌పీసీ 125) వచ్చిన ఆర్డర్ అయితే 146వ సెక్షన్ కింద పిటిషన్ వేయాలి. హిందూ వివాహ చట్టం కింద వచ్చినదైతే 26వ సెక్షన్ ఉంది. పిల్లల కస్టడీ, పోషణ, చదువుల ఆర్డర్లను విడాకుల డిక్రీ తర్వాత కూడా ఎప్పటికప్పుడు మార్చే అధికారం అది కోర్టుకు ఇస్తుంది. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టంలో 25వ సెక్షన్ ఉంది. గృహహింస చట్టం కింద వచ్చినదానికీ 25వ సెక్షనే. అన్నింటిలోనూ అడిగేది ఒకటే: పరిస్థితులు మారాయని చూపించండి.

ఇన్ని రోజులకు ఇంత తగ్గించాలన్న లెక్క మన దేశంలో లేదా?

లేదు. బ్రిటన్‌లో ఉంది. ఏడాదిలో 52 రాత్రుల నుంచి బిడ్డ నాన్న దగ్గర ఉంటే ఏడో వంతు, 104 నుంచి ఏడింట రెండు వంతులు, 156 నుంచి ఏడింట మూడు వంతులు తగ్గిస్తారు. ఆస్ట్రేలియాలోనూ రాత్రుల లెక్కే. అక్కడి చుట్టాలు చెప్పింది విని వచ్చి, ఇక్కడి జడ్జిగారి ముందు రాత్రులు లెక్కపెట్టే వాళ్లున్నారు. ఇక్కడ అలాంటి పట్టిక ఏదీ లేదు.

జీతంలో 25 శాతం అన్న మాట కూడా చాలామంది నోట వింటాను. 2017లో ఒక కేసులో భర్త నికర జీతంలో నాలుగో వంతు సబబేనని సుప్రీంకోర్టు అన్నది. ఆ కేసు పరిస్థితుల్లో అన్న మాట అది. దాన్ని అన్ని ఇళ్లకూ కొలబద్దగా పెట్టుకోకండి.

మరి జడ్జి ఏం చూసి నిర్ణయిస్తారు?

2020 నవంబరు 4న రజనేశ్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలే ఇప్పుడు అన్ని ఫ్యామిలీ కోర్టులకూ ఆధారం. ఆ బెంచ్‌లో జస్టిస్ ఇందు మల్హోత్రాతో పాటు తెలుగువారైన జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి ఉన్నారు. ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చులు ఇద్దరూ అఫిడవిట్‌లో పెట్టాలి. బిడ్డ తిండి, బట్ట, ఇల్లు, వైద్యం, చదువు, ట్యూషన్లు లెక్కలోకి వస్తాయి. చదువు ఖర్చు మామూలుగా తండ్రిదే. తల్లికీ చాలినంత సంపాదన ఉంటే ఆదాయాల దామాషాలో పంచవచ్చు. 2000 నాటి ఒక కేసులో తండ్రి జీతం తల్లి జీతానికి రెట్టింపు ఉందని పిల్లల ఖర్చును 2:1గా పంచింది సుప్రీంకోర్టు.

దీన్ని రోజుల మార్పుకు ఎలా అన్వయించాలో నా క్లయింట్లకు నేను ఇలా చెబుతాను. బిడ్డ ఖర్చును రెండు కుప్పలుగా పోయండి. ఒకటి బిడ్డతో కదిలే ఖర్చు: అన్నం, పాలు, చిరుతిళ్లు, ఆటో ఛార్జీలు. రెండోది కదలని ఖర్చు: ఫీజు, స్కూలు బస్సు, ట్యూషన్, ఇన్సూరెన్స్, అద్దెలో బిడ్డ వాటా. బిడ్డ నాన్న ఇంట్లో పడుకున్న రాత్రి అమ్మ ఇంటి అద్దె తగ్గదు కదా.

ఒక ఊహాలెక్క చూడండి. నాన్న చేతికొచ్చే జీతం 90,000, అమ్మది 45,000. బాబుకు నెలకు 24,000 అవుతోంది. అందులో కదలనివి 17,000, కదిలేవి 7,000. ఇద్దరి ఆదాయం 2:1 కాబట్టి నాన్న వాటా 16,000, అమ్మ వాటా 8,000. బాబు అమ్మ దగ్గరే ఉంటే నాన్న 16,000 పంపుతాడు. ఇప్పుడు బాబు నెలలో సగం రోజులు నాన్న దగ్గర ఉంటున్నాడు, ఫీజులూ అద్దే ఎప్పటిలాగే అమ్మే కడుతోంది. కదిలే ఖర్చులో సగం, అంటే 3,500, నాన్న ఇంట్లోనే అయిపోతుంది. కాబట్టి ఆయన పంపాల్సింది 12,500. రోజులు సగమయ్యాయని 8,000 పంపితే బాబు ఫీజులో కన్నం పడుతుంది. నాన్న బాబు కోసమే ఒక గది ఎక్కువున్న ఇంటికి మారి ఉంటే ఆ అద్దె రసీదూ పెట్టుకోవచ్చు, దాన్నీ చూడమని అడగవచ్చు. బిడ్డకు రెండు ఇళ్లయినప్పుడు మొత్తం ఖర్చు పెరుగుతుంది. ఇది ఇద్దరూ ఒప్పుకోవాల్సిన నిజం.

‘షేర్డ్ పేరెంటింగ్’ అనేది మన చట్టంలో ఉందా?

ఆ పేరుతో సెక్షన్ లేదు. లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదికలో ఉమ్మడి కస్టడీని చట్టంలో చేర్చమని సిఫారసు చేసింది, అది చట్టం కాలేదు. అయినా కోర్టులు ఇవ్వడం ఆగలేదు. కర్ణాటక హైకోర్టు 2013లో ఒక బాబు విషయంలో జనవరి నుంచి జూన్ దాకా తండ్రి దగ్గర, జులై నుంచి డిసెంబరు దాకా తల్లి దగ్గర ఉండాలని, చదువు ఖర్చు ఇద్దరూ సమానంగా భరించాలని చెప్పింది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు బిడ్డకు ఉందని, దూరాన ఉంటే వీడియో కాల్ అయినా ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2020లో అన్నది. మన దగ్గర ఇలాంటివి ఎక్కువగా రాజీలోనే కుదురుతున్నాయి.

వేసవి సెలవుల్లో నెలన్నర పిల్లలు నా దగ్గరే ఉంటారు. ఆ డబ్బు ఆపుకోవచ్చా?

ఆర్డర్‌లో అలా రాసి ఉంటే తప్ప ఆపకూడదు. పైగా జూన్‌లో బడి తెరిచేసరికి ఫీజు, పుస్తకాలు, యూనిఫాం, బూట్లు ఒక్కసారిగా మీద పడతాయి. ఆ తల్లి ఏప్రిల్, మే నెలల డబ్బులోంచే దాచి అవి కడుతుంది. దసరా, సంక్రాంతి సెలవులకూ ఇదే జవాబు.

మా అబ్బాయిని ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో వేశాం. ఇప్పుడు వాడు తల్లి దగ్గరా లేడు, నా దగ్గరా లేడు. ఇంకా భరణం దేనికి?

తెలుగు కుటుంబాల్లో ఈ ప్రశ్న బాగా ఎక్కువ. పదో తరగతి అవగానే పిల్లల్ని హాస్టల్లో వేయడం మనకు మామూలే. కానీ ఆర్డర్ రాసే రోజుకు బాబు మూడో తరగతిలో ఉంటాడు, ఇంటర్ సంగతి ఎవరికీ తట్టదు.

హాస్టల్‌కు వెళ్లినంత మాత్రాన భరణం రద్దు కాదు, స్వరూపం మారుతుంది. తిండి ఖర్చు ఫీజులో కలిసిపోతుంది, ఫీజు అనేక రెట్లవుతుంది. ఔటింగ్ ఇచ్చిన ఆదివారం టిఫిన్ కట్టుకుని గేటు దగ్గర నిలబడేది, జ్వరమొస్తే తీసుకొచ్చి వారం ఇంట్లో ఉంచుకునేది, సెలవుల్లో వాడికో మంచం, ఫ్యాను ఉండేలా చూసేది ఎవరు? ఆ ఇల్లు అలాగే నడవాలి. అందుకే కాలేజీలో చేర్చకముందే ఇద్దరూ కూర్చుని, వాయిదాల్లో కట్టే ఫీజు ఎవరు ఎంత కడతారు, నెలవారీ డబ్బు ఎంతకు దిగుతుంది, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, లాంగ్‌టర్మ్ కోచింగ్ వస్తే ఎవరిది అన్నవి రాసుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టిన ఉమ్మడి మెమోగా కోర్టులో వేయండి. తండ్రి మొత్తం ఫీజు నేరుగా కాలేజీకి కడతానంటే నెలవారీ మొత్తం తగ్గించమని అడగడంలో తప్పు లేదు. అడగకుండా తగ్గించుకోవడమే తప్పు.

ఒక్కరే నిర్ణయించి లక్షల ఫీజున్న కాలేజీలో చేర్చేసి రసీదు రెండోవారికి పంపిస్తే, అంత ఖర్చు భరించే స్తోమత ఉందా అని కోర్టు అడుగుతుంది. ఈ తప్పు తల్లులూ చేస్తారు, తండ్రులూ చేస్తారు.

పాప పూర్తిగా నా దగ్గరికే వచ్చేసింది. తల్లికి ఇంకా డబ్బు కట్టాలా?

వెంటనే పిటిషన్ వేయండి. ఆలస్యమైన ప్రతి నెలా మీకే నష్టం, ఎందుకంటే తగ్గింపు సాధారణంగా అంతకుముందే బాకీ పడిన దాన్ని తుడిచిపెట్టదు. పాత బడి టీసీ, కొత్త బడిలో చేరిన రసీదు, డాక్టరు చీటీలు, తల్లికీ మీకూ మధ్య నడిచిన మెసేజ్‌లు దాచుకోండి. ఫ్యామిలీ కోర్టు చట్టం 14వ సెక్షన్ ప్రకారం సాక్ష్యానికి మామూలు కోర్టుల్లో ఉన్నంత బిగింపు ఇక్కడ ఉండదు, ఇలాంటి కాగితాలనూ జడ్జి చూడగలరు. కస్టడీ మారినప్పుడు మీరు కట్టడం ఆపడమే కాదు, తల్లికి సంపాదన ఉంటే ఆమె నుంచీ బిడ్డకు పోషణ అడగవచ్చు. 1956 చట్టం 20వ సెక్షన్ పిల్లల్ని పోషించే బాధ్యత తల్లిదండ్రులిద్దరి మీదా పెట్టింది.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, జాగ్రత్త. కస్టడీ కేసు ఒకటి, భరణం కేసు ఇంకొకటి అవుతుంటాయి. గార్డియన్ ఓపీలో, అంటే కస్టడీ కేసులో, బిడ్డ మీకు వచ్చిందని సంబరపడి, పాత ఎంసీలో, అంటే భరణం కేసులో, ఉన్న ఆర్డర్‌ను మరచిపోతారు. అది అలాగే బతికి ఉంటుంది. కస్టడీ ఆర్డర్ కాపీ పెట్టి, 146వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ కింద పాతదాన్ని రద్దు చేయమనో మార్చమనో ఆ కోర్టునే అడగాలి. ఏ కేసులో ఆర్డర్ వచ్చిందో మార్పు కూడా ఆ కేసులోనే అడగాలని పైన చెప్పిన రజనేశ్ తీర్పులోనూ ఉంది.

మేమిద్దరం మాట్లాడుకుని తగ్గించుకున్నాం. వాట్సాప్‌లో ‘సరే’ అని కూడా పెట్టింది. చాలదా?

మీ మధ్య మాట ఉన్నంతకాలం చాలుతుంది. చెడిన రోజున చాలదు. ఆ మెసేజ్ సాక్ష్యంగా పనికొస్తుంది కానీ ఆర్డర్‌ను మార్చదు. ఇద్దరికీ ఒప్పందమే అయినప్పుడు ఉమ్మడి మెమో వేయడం చాలా తేలిక. ఒకట్రెండు వాయిదాల్లో తేలిపోవచ్చు, లోక్ అదాలత్‌లో పెట్టి అవార్డు తీసుకోవచ్చు. మాట బాగున్నప్పుడే ఈ పని చేయించుకోండి, దయచేసి.

నాకు బిడ్డను చూపించడం లేదు. డబ్బు ఆపేయొచ్చా?

వద్దు. మీ బాధ నాకు తెలుసు. ఆదివారం పొద్దున బొమ్మ కొనుక్కుని వెళ్లి, తాళం వేసిన తలుపు చూసి తిరిగొచ్చిన తండ్రులతో మాట్లాడాను. అయినా ఆ డబ్బు బిడ్డ అన్నం. తల్లి చేసిన తప్పుకు బిడ్డ పళ్లెంలో కోత పెట్టకూడదు. విజిటేషన్ ఆర్డర్, అంటే బిడ్డను చూసేందుకు ఇచ్చిన ఆర్డర్, అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయండి, కోర్టు ధిక్కారం వేయండి, పదేపదే అడ్డుపడుతుంటే కస్టడీనే మార్చమని అడగండి. నెలనెలా తప్పకుండా కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్ ఆ రోజు మీ చేతిలో అన్నింటికన్నా గట్టి కాగితం అవుతుంది.

ఆయన డబ్బు ఇవ్వడం లేదు. మరి నేనెందుకు బిడ్డను పంపాలి?

పంపాలమ్మా. నాన్నను చూడటం కూడా బిడ్డ హక్కే, అది టికెట్టు కొంటే దొరికేది కాదు. డబ్బుకు వేరే దారి ఉంది. 144 కింద వచ్చిన ఆర్డర్ అయితే వారంటు అడగవచ్చు. బాకీ పడిన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి, ఈ గడువు మరచిపోవద్దు. కట్టకపోతే నెల దాకా జైలు వేయవచ్చు. జైలుకు వెళ్లొస్తే బాకీ తీరిపోయినట్టు కాదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. జీతం అటాచ్‌మెంట్, అంటే జీతంలోంచే పట్టి ఇప్పించడం, కూడా అడగవచ్చు.

సైకిల్ కొన్నాను, ఫోన్ కొన్నాను, ఓణీల ఫంక్షన్‌కు గొలుసు పెట్టాను. అవి భరణంలో జమ కావా?

కావు. అవి ప్రేమతో పెట్టినవి. ఫీజు నేరుగా బడికి కట్టినా, ఆర్డర్‌లో ఆ వీలు లేకపోతే చిక్కే. చేతికి డబ్బు ఇవ్వకండి. బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపి, దేనికోసమో, ఏ నెలదో అందులోనే రాయండి.

ఆమె హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, బాబును ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెట్టింది. తను పెంచనప్పుడు నేనెందుకు ఇవ్వాలి?

బాబు కోసం ఇవ్వాలి. అమ్మమ్మ దగ్గరైనా వాడికి అన్నం, బడి ఉంటాయి కదా. ఊళ్లో ఖర్చు తక్కువని నిరూపిస్తే మొత్తం తగ్గవచ్చు, డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్నది మార్చమని అడగవచ్చు. బాబు మీ దగ్గర ఉండటమే మేలని మీకు నిజంగా అనిపిస్తే కస్టడీ అడగండి. డబ్బు తగ్గుతుందని మాత్రం కస్టడీ అడగకండి. జడ్జిలు అలాంటి పిటిషన్‌ను మొదటి పేరాలోనే పసిగడతారు.

ఎవరి దగ్గర ఉండాలో పిల్లలే చెప్పవచ్చా?

ఆలోచించి చెప్పగల వయసొస్తే వాళ్ల ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ఇన్నేళ్లని అందులో లేదు. ఐదేళ్లలోపు వాళ్లు మామూలుగా తల్లి దగ్గరే. జడ్జి ఛాంబర్‌లో బిడ్డతో విడిగా మాట్లాడతారు. ముందురోజు రాత్రి బిడ్డకు జవాబులు నేర్పించి తీసుకురాకండి. ఏడేళ్ల పాప ‘మా నాన్న మెయింటెనెన్స్ కట్టట్లేదు’ అంటే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో జడ్జికి తెలియదా? పిల్లల ముందు డబ్బు ఊసే ఎత్తవద్దని నా విన్నపం.

ఐటీ ఉద్యోగం పోయింది. ఇప్పుడేం చేయాలి?

పరిస్థితుల మార్పు కిందికి అదీ వస్తుంది. రిలీవింగ్ లెటరు, బ్యాంకు స్టేట్‌మెంట్, వెతుకుతున్న ఉద్యోగాల మెయిళ్లు పెట్టి ఆ నెలలోనే పిటిషన్ వేయండి, కట్టగలిగినంత కడుతూ ఉండండి. కావాలని మానేశారని తేలితే మాత్రం సంపాదించగల శక్తిని బట్టే మొత్తం నిర్ణయిస్తారు.

మళ్లీ పెళ్లి చేసుకుంటే?

తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె మనోవర్తి ఆగవచ్చు, బిడ్డ భరణం ఆగదు. సవతి తండ్రి వచ్చాడని కన్నతండ్రి బాధ్యత పోదు. తండ్రికి రెండో కుటుంబం ఏర్పడితే కోర్టు దాన్ని గమనిస్తుంది కానీ మొదటి బిడ్డను వెనక్కి నెట్టదు.

పరస్పర విడాకుల ఒప్పందంలో ‘బిడ్డకు ఏమీ అక్కర్లేదు’ అని సంతకం పెట్టాను. ఇప్పుడు అడగవచ్చా?

అడగవచ్చు. తన మనోవర్తిని తల్లి వదులుకోగలదు, బిడ్డ హక్కును వదిలేసే అధికారం ఆమెకు లేదు. ఎలాగైనా బయటపడాలని సంతకాలు పెట్టేసిన అమ్మాయిలు చాలామంది ఉన్నారు. ఎల్‌కేజీ అయ్యేసరికి ఫీజుల భారం తెలుస్తుంది. సిగ్గుపడాల్సిన పని లేదు.

18 ఏళ్లు నిండితే ఆగిపోతుందా?

అబ్బాయికి సాధారణంగా ఆగుతుంది, వైకల్యం ఉంటే తప్ప. పెళ్లికాని కూతురు తనను తాను పోషించుకోలేకపోతే 1956 చట్టం 20వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ కింద తండ్రి నుంచి అడగవచ్చని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ముస్లిం కుటుంబాల్లోనూ పిల్లలకు పాత 125వ సెక్షన్ కింద హక్కు ఉందని 1997లోనే తీర్పు వచ్చింది.

మేము విదేశాల్లో ఉన్నాం. ఇక్కడి ఆర్డర్ అక్కడ చెల్లుతుందా?

దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్, సింగపూర్ లాంటివి సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద పరస్పరం గుర్తించుకునే దేశాల్లో ఉన్నాయి, అమెరికా లేదు. పిల్లలు అక్కడే పెరుగుతుంటే అక్కడి విధానంలోనే వెళ్లడం మేలు. ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు రోజుల మార్పును 28 రోజుల్లోపు బిడ్డ భరణం చూసే అక్కడి ప్రభుత్వ శాఖకు తెలపాలి. దాటితే, బిడ్డను ఎక్కువగా చూసుకుంటున్నవారు ఆ మధ్యకాలపు లెక్క నష్టపోవచ్చు. బిడ్డను చెప్పకుండా ఇండియాకు తీసుకొచ్చి ఇక్కడ భరణం కేసు వేద్దామనుకునే వాళ్లకు ఒక మాట. ఇలా తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ లేదు, కాబట్టి ఇబ్బంది లేదని ఎవరో చెబుతారు. అయినా మన కోర్టులు బిడ్డ మేలు చూసి తిరిగి పంపమన్న సందర్భాలు ఉన్నాయి.

పిటిషన్ తేలడానికి ఎంత కాలం? లాయరుకు ఇచ్చుకునే డబ్బు లేదు.

మధ్యంతర భరణం, అంటే కేసు తేలేలోపు ఇచ్చే భరణం, దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని చట్టం. వాయిదాలతో అంతకు మించి సాగడం మామూలే. అఫిడవిట్ మొదటి రోజే పూర్తిగా నింపి ఇస్తే మీ వైపు నుంచి ఆలస్యం ఉండదు. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. తక్కువ ఆదాయం ఉన్న మగవాళ్లూ అర్హులే. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు పాత ఆర్డర్ కాపీ, ఈ ఏడాది ఫీజు రసీదులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, బిడ్డ ఏ రోజుల్లో ఎవరి దగ్గర ఉందో రాసుకున్న క్యాలెండర్ పట్టుకెళ్లండి.